పెరటి దాకా మోగే ఫోను: సత్యనారాయణపురం ఇంట్లో కార్డ్‌లెస్ పని డైరీ

మార్చి 16, ఆదివారం

మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే హాల్లో ఫోను మోగింది. బందరు నుంచి మా పిన్ని రోజూ రెండున్నరకి చేస్తుంది. ఆ టైముకి మోగిందంటే ఆవిడే అని అమ్మకి తెలుసు. తడి చేతులతోనే గబగబా లోపలికి వస్తూ వంటింటి గడప తన్నుకుంది. బొటనవేలి గోరు లేచిపోయింది. తీరా హాల్లోకి వచ్చేసరికి ఫోను ఆగిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ నొప్పులే. ఈసారికి గోరుతో పోయింది.

"సెల్లు దగ్గర పెట్టుకోవచ్చుగా అమ్మా" అన్నాను పసుపు అద్దుతూ.

"దాన్ని ఎటు జరపాలో నాకు అర్థం కాదే. ఎత్తుదామంటే కట్టవుతుంది. అయినా అందరి దగ్గరా ఉన్నది ఇంటి నంబరేగా" అంది.

అదీ నిజమే. నాన్న పేరు మీద తీసుకున్న విజయవాడ 0866 నంబరు అది. ఆరంకెలుగా ఉన్నప్పటి నుంచీ మాదే, తర్వాత ముందు 2 చేరింది. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చినప్పుడు కూడా పట్టుబట్టి ఆ నంబరునే నిలుపుకున్నాం. పెళ్లి శుభలేఖల మీద, పురోహితుడి పుస్తకంలో, ఊళ్లో పాలేరు ఇంటి గోడ మీద ఉన్నది అదే. నంబరు మార్చే ఆలోచన లేదు. ఫోనే అమ్మ దగ్గరికి రావాలి.

నేను కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను కాబట్టి ఇందులో సగం నాకు అలవాటైన పనే. మిగతా సగం గోడలు, కరెంటు, అమ్మ చెయ్యి. రోజూ ఏం చేశానో రాసి పెట్టుకుంటాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మార్చి 18

ఇప్పుడున్న ఏర్పాటు ఇదీ. హాల్లో కిటికీ పక్కన ఫైబర్ పెట్టె, అంటే ఓఎన్‌టీ. దాని వెనక టెలిఫోన్ పిన్ను, దానికి పాత బటన్ ఫోను. ఆ పెట్టె దాటాక మన మాట ప్యాకెట్లుగా మారి ఇంటర్నెట్ పద్ధతిలోనే వెళ్తుంది. మనకి మాత్రం పాత లైను లాగే డయల్ టోను వినిపిస్తుంది. చాలామంది ఇళ్లలో ఆ పిన్ను ఖాళీగా పడి ఉంటుంది.

రెండు హ్యాండ్‌సెట్లున్న మామూలు కార్డ్‌లెస్ కొని ఆ పిన్నుకి తగిలిస్తే నూటికి తొంభై ఇళ్లకి సరిపోతుంది. నన్నెవరైనా అడిగితే ముందు అదే చెప్తాను. మాది పాతకాలం ఇల్లు, పొడుగ్గా వీధి నుంచి వెనక సందు దాకా సాగుతుంది. హాలుకీ పెరటికీ మధ్య నాలుగు గోడలు. మేడ మీద మేముంటాం. రాత్రిపూట అమ్మకి ఏదైనా అయితే మెట్ల కింద నిలబడి కేకెయ్యడం తప్ప దారి లేదు. అందుకని ఇంటర్‌కమ్ కూడా కావాలి.

అందుకే ఈ వరస అనుకున్నాను: ఓఎన్‌టీ పిన్ను నుంచి తీగ ఒక గేట్‌వేలోకి, అంటే ఫోను లైనుని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టెలోకి, గేట్‌వే నుంచి లాన్ (ఇంటి నెట్‌వర్క్ వైరు) మీద రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లోకి, దాంట్లో ఆస్టరిస్క్ అనే ఉచిత ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ్టికీ ఎన్నో ఆఫీసులు నడుస్తున్నాయి. దానికి ఒక డెక్ట్ బేస్ (డెక్ట్ అంటే కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో పద్ధతి), బేస్‌కి నాలుగు హ్యాండ్‌సెట్లు: అమ్మ గది, వంటిల్లు, వీధి వరండా, మేడ. పెరటికి వేరే పెట్టను. వంటింట్లోది చేత్తో పట్టుకుని వెళ్లొచ్చు.

మార్చి 22

డాలస్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. "అక్కా, ఇక్కడ అయిదు ఫోన్ల సెట్టు చవగ్గా వస్తోంది. మేలో వస్తున్నాగా, తెచ్చేస్తా" అన్నాడు. ప్రేమగా అన్నాడు కానీ వద్దన్నాను. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో డెక్ట్ 6.0 అని అమ్మే కార్డ్‌లెస్‌లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. 6.0 అన్నది అమ్మకానికి పెట్టిన పేరే, 6 గిగాహెర్ట్జ్ అని కాదు. మన దేశంలో 1920 నుంచి 1980 దాకా సెల్‌ఫోన్లు టవరుకి సిగ్నల్ పంపే దారి, 2100 బ్యాండ్‌ది. అక్కడి బేస్ తెచ్చి ఇక్కడ ప్లగ్గులో పెడితే అది సరిగ్గా ఆ దారికి అడ్డంగా కూర్చుంటుంది. చుట్టుపక్కల పదిళ్ల సెల్లులకి ఇబ్బంది, మనకి తప్పు. ఇక్కడ అమ్మే డెక్ట్ ఫోన్లు 1880 నుంచి 1900 మధ్య నడుస్తాయి. పైగా ఆ అడాప్టర్లలో కొన్ని 120 వోల్టులకే చేసినవి, మన 230కి కాలిపోతాయి.

వైఫైకి అడ్డొస్తుందా అని మా ఆయన అడిగారు. రాదు. వైఫై ఉండేది 2.4లో, 5 గిగాహెర్ట్జ్‌లో. డెక్ట్ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. ఈ వీధిలో నా సెల్లుకి ఇరవైకి పైగా వైఫై పేర్లు కనిపిస్తాయి. వైఫై ఫోన్లు పెట్టుకుంటే వాటన్నిటి మధ్యా అమ్మ మాట నలిగిపోతుంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక పని మొదలుపెట్టాను. సామానంతా వచ్చింది. ఇవాళ చేసింది నడవడం ఒక్కటే.

డబ్బా మీద ఇంట్లో 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్లు అని ఉంటుంది. అది మన ఇటుక గోడలని చూసి రాసింది కాదు. బేస్‌ని ముందు హాల్లో ఓఎన్‌టీ పక్కన పెట్టాను. బాబు అక్కడ కూర్చుని లెక్కలు చదువుతుంటే నేను హ్యాండ్‌సెట్ పట్టుకుని గది గదికీ వెళ్లాను. మధ్య గది దాకా నాలుగు గీతలు. దేవుడి గది దాటగానే రెండు. వంటింట్లో ఒకటి. పెరట్లో తులసికోట దగ్గర గొంతు ముక్కలు ముక్కలై, తర్వాత ఏమీ లేదు. దేవుడి గది గోడ పద్దెనిమిది అంగుళాలు, దానికి ఆనించి ఇనప బీరువా. అసలు దొంగ ఆ బీరువా. గంగాళాలు, ఇత్తడి బిందెలు కూడా అందులోనే ఉన్నాయి. దాన్ని కదిలించమంటే అమ్మ ఒప్పుకోదు, నాకూ కదిలించాలని లేదు.

మధ్య గదిలో అటక మీద పెట్టి మళ్లీ నడిచాను. పెరటికి వచ్చింది కానీ మేడ మీద మా గదిలో తగ్గింది. చివరికి మెట్లు మలుపు తిరిగే చోట, గోడకి ఏడడుగుల ఎత్తున బేస్‌ని తాడుతో వేలాడదీసి చూశాను. అక్కడ గోడకి గాలి కంతలున్నాయి, మెట్ల గది కింద నుంచి పైదాకా ఖాళీ. వంటింట్లో మూడు గీతలు, తులసికోట దగ్గర రెండు, మేడ మీద నాలుగు, వీధి గేటు దగ్గర రెండు. తులసికోట దగ్గర నిలబడి బాబు చేత ఎక్కాలు చెప్పించుకున్నాను. పదమూడో ఎక్కం మొత్తం ఒక్క అక్షరం పోకుండా వినబడింది. అదే చోటు ఖాయం.

బేస్ ఎక్కడ పెడతారో చూసుకోకుండా సిగ్నల్ పెంచే రిపీటర్ కొనకండి. సగం రోజు నడకతో ఆ ఖర్చు తప్పింది.

ఏప్రిల్ 5

మలుపు దగ్గర ప్లగ్గు లేదు. ఉండక్కర్లేదు కూడా. ఈ బేస్ లాన్ వైరు మీదే కరెంటు తీసుకుంటుంది, పీఓఈ. హాలు నుంచి మలుపుకి ఒక్క క్యాట్ 6 వైరు, పాతిక మీటర్లు. గవర్నర్‌పేటలో కొన్నాను.

ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి "కరెంటు పైపులో జాగా ఉందమ్మా, దాంతోపాటే లాగేద్దాం, గోడ మీద ఏమీ కనపడదు" అన్నారు. ఆయన పని మీద నాకు గౌరవం. నాన్న ఉన్నప్పటి నుంచీ మా ఇంటి వైరింగంతా ఆయన చేతిదే. కానీ ఇది ఒప్పుకోలేదు. 230 వోల్టుల వైరుతో ఒకే పైపులో లాన్ వైరు ఉండకూడదు. ఆ పాత వైర్ల తొడుగు ఎక్కడైనా చిట్లిందంటే కరెంటు నేరుగా ఫోను సామానులోకి, అక్కడి నుంచి మనిషి చేతికి. సంగతి చెప్పగానే ఆయనే "అయితే వేరే పట్టీ వేద్దాం" అని తలుపు చట్రాల పైనుంచి సన్నటి పీవీసీ పట్టీ వేశారు. తెల్ల సున్నం గోడ మీద దగ్గరికెళ్తే తప్ప కనపడదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

వీధి చివర పందిట్లో కల్యాణం మైకు వినిపిస్తుంటే కూర్చుని ఆస్టరిస్క్ పూర్తిచేశాను. హ్యాండ్‌సెట్లకి నంబర్లు: అమ్మ 11, వంటిల్లు 12, వరండా 13, మేడ 14. బయటి కాల్ వస్తే నాలుగూ ఒకేసారి మోగుతాయి. రాత్రి పదిన్నర నుంచి అయిదున్నర దాకా మాత్రం ముందు మేడ మీదదే మోగుతుంది. పదిహేను సెకన్లలో ఎత్తకపోతే అప్పుడు కిందివి. అర్ధరాత్రి రాంగ్ నంబర్లకి అమ్మ లేవనక్కర్లేదు.

మాటని అంకెలుగా మార్చడానికి జీ.711 పద్ధతి పెట్టాను. సెకనుకి 64 కిలోబిట్లు, ప్యాకెట్ల పై బరువు కలుపుకుంటే 87 దాకా. ఇంట్లో లాన్‌కి అది లెక్కలోది కాదు. మాటని కుదించి గొంతు పాడుచేసుకోవడం ఎందుకు?

డయలింగ్ నియమాల దగ్గర గంటసేపు పట్టింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. అమ్మ పుస్తకంలో ఉన్నవన్నీ ఉత్త పదంకెల నంబర్లు. అందుకని 6, 7, 8, 9లలో దేనితోనైనా మొదలయ్యే పదంకెల నంబరు వస్తే సున్నా తనే చేర్చుకునేలా రాశాను. 112, 108 కొట్టగానే ఇంకో అంకె కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లిపోవాలి. ఆ రెండిటినీ నిజంగా చేసి చూడలేదు, చేయకూడదు. అవసరంలో ఉన్నవాళ్ల లైను అది. లైను తీసేసి, గేట్‌వేకి ఏ అంకెలు చేరుతున్నాయో లాగ్‌లో చూసుకున్నాను.

మొదటి కాల్ నా సెల్లుకే చేశాను. "ముందు సున్నా చేర్చండి" అని రికార్డు వచ్చింది! లాగ్‌లో సున్నా స్పష్టంగా ఉంది. మూడుసార్లూ అంతే. గేట్‌వే పక్కన పాత ఫోను పారలల్‌గా తగిలించి చెవి పెట్టి విన్నాను. అప్పుడు తెలిసింది: లైను ఎత్తగానే, డయల్ టోను ఇంకా రాకముందే గేట్‌వే అంకెలు కొట్టేస్తోంది. మొదటి అంకె గాలిలో కలిసిపోతోంది. ఆ మొదటి అంకె మన సున్నాయే. డయల్ టోను వినబడేదాకా ఆగమని ఒక గడిలో టిక్కు పెట్టగానే సెల్లు మోగింది.

ఏప్రిల్ 9

టెన్షన్ పెట్టిన రోజు. పొద్దున పదింటికి పాలాయన ఫోను చేసి పెట్టేశాడు. మధ్యాహ్నం పిన్ని ఎంతసేపు చేసినా ఎంగేజ్. అమ్మ రెండున్నర నుంచి హ్యాండ్‌సెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అది మోగలేదు. "మీ పిన్నికి ఒంట్లో బాలేదేమోనే" అని నాకు కాలేజీకి సెల్లు నుంచి చేసింది. తనకి చేతకాదన్న సెల్లుతోనే. సగంలో బయల్దేరి ఇంటికొచ్చాను.

జరిగింది ఇదీ. ఇంట్లో మామూలు ఫోనైతే అవతలివాళ్లు పెట్టేశాక మనమూ పెట్టేస్తాం, లైను ఖాళీ అవుతుంది. గేట్‌వేకి అవతలివాళ్లు పెట్టేశారని ఎవరు చెప్పాలి? లైను మీద వచ్చే ఎంగేజ్ టోను విని తనే గ్రహించాలి. అది అమెరికా టోను కోసం చూస్తూ కూర్చుంది: 480, 620 హెర్ట్జ్‌లు కలిపి, అరసెకను మోత, అరసెకను నిశ్శబ్దం. మనది 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను నిశ్శబ్దం. పాలాయన ఫోను ఎత్తింది వరండా హ్యాండ్‌సెట్. అమ్మ దాన్ని ఎర్ర బటన్ నొక్కకుండా స్టూలు మీద పెట్టేసింది. పాత ఫోనులో రిసీవరు కింద పెడితే చాలు, ఆ అలవాటు. అలా నాలుగున్నర గంటలకి పైగా లైను తెరిచే ఉంది.

టోనుని రికార్డు చేసి, కంప్యూటర్లో గీతలుగా చూసి కొలిచాను. 400, 0.75, 0.75. ఆ మూడు అంకెలూ గేట్‌వేలో రాశాను. తర్వాత నా సెల్లు నుంచి పదిసార్లు చేసి పదిసార్లు పెట్టేశాను. ప్రతిసారీ నాలుగైదు సెకన్లలో లైను తనే తెగింది. ఇంకో జాగ్రత్త కూడా చేశాను: హ్యాండ్‌సెట్‌ని ఛార్జింగ్ గూట్లో పెడితే కాల్ కట్టయ్యేలా. అమ్మకి ఎర్ర బటన్ గురించి మళ్లీ చెప్పలేదు. "మాట్లాడాక గూట్లో పెట్టెయ్ అమ్మా" అన్నాను. అది తనకి రిసీవరు పెట్టడం లాంటిదే.

గేట్‌వే పెట్టుకునేవాళ్లు మొదటి రోజే ఈ టోను సరిచూసుకోండి. నేను చూసుకోకపోవడం వల్ల అమ్మ ఒక మధ్యాహ్నమంతా బెంగపడింది.

ఏప్రిల్ 13

ఎవరు చేస్తున్నారో నంబరు పడట్లేదు. గేట్‌వే కాలర్ ఐడీని బెల్‌కోర్ పద్ధతిలో, అంటే మొదటి మోతకీ రెండో మోతకీ మధ్య వస్తుందని వెతుకుతోంది. మా ఓఎన్‌టీ డీటీఎంఎఫ్‌గా, అంటే బటన్లు నొక్కితే వచ్చే శబ్దాలుగా, మోతకి ముందే పంపుతోంది. మార్చాక నంబరు పడింది.

కానీ హ్యాండ్‌సెట్ తెర మీద తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు అమ్మ కూడబలుక్కుని చదివేలోపు ఫోను ఆగిపోతుంది. అందుకని పిన్ని నంబరుకి, తమ్ముడి నంబరుకి వేరువేరు రింగులు పెట్టాను. నంబరు చూసి ఆస్టరిస్కే ఏ రింగు మోగాలో చెబుతుంది. చదవక్కర్లేదు, వింటే చాలు. ఇన్ని రోజుల పనిలో అమ్మకి బాగా నచ్చింది ఇదే. "ఇది మా చెల్లెలి మోత" అని వంటింట్లోంచే చెప్పింది.

ఏప్రిల్ 20

ఇవాళ కరెంటు సంగతి. పాత రాగి లైను రోజుల్లో ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు తీగ మీద వచ్చేవి. ఫైబర్ అంటే గాజు, దాని మీద కరెంటు రాదు. ఓఎన్‌టీ ఆగితే ఫోను ఆగినట్టే. మరి 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, తెలిసినవాళ్ల కోసం ఈ ఊళ్లో ఎంతమందిమి ఫోను పట్టుకుని కూర్చున్నామో నాకు గుర్తుంది. ఈ పనిలో నేను రాజీపడని చోటు ఇది.

ఓఎన్‌టీ, లాన్ వైర్లు కలిపే స్విచ్చి, రాస్ప్‌బెర్రీ పై, గేట్‌వే నాలుగూ కలిపి దాదాపు 20 వాట్లు. ఇన్వర్టరు బ్యాటరీకి అది బరువే కాదు. నాలుగిటినీ ఇన్వర్టరు లైను మీదికి మార్పించి, మెయిన్ ఆపి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఓఎన్‌టీ మాత్రం ఆరిపోయి మళ్లీ లేచింది. లేచి ఫోను పలకడానికి మూడు నిమిషాలు. ఇన్వర్టరు వెనక ఒక చిన్న మీట ఉంటుంది, చాలామంది ఎప్పుడూ ముట్టుకోరు. మామూలు మోడ్, యూపీఎస్ మోడ్. దాన్ని యూపీఎస్ వైపు తిప్పితే మారే వ్యవధి బాగా తగ్గుతుంది. అయిదుసార్లు ఆపి చూశాను. నాలుగుసార్లు ఓఎన్‌టీ నిలబడింది, ఒకసారి పడింది.

ఒకసారి కూడా పడకూడదు. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొని ఓఎన్‌టీకి మాత్రం పెట్టాను. దాని మీద 8,800 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఆ అంకె లోపలి 3.7 వోల్టుల బ్యాటరీ సెల్లులది. గుణిస్తే 32 వాట్ అవర్లు. ఓఎన్‌టీకి 9 వాట్లు, నష్టాలు తీసేస్తే మూడు గంటలు. ఆసరాకి ఇన్వర్టరు ఎలాగూ ఉంది కాబట్టి మనకి కావలసింది కరెంటు మారే ఆ క్షణమే. మళ్లీ పదిసార్లు ఆపాను. పదిసార్లూ కాల్ తెగలేదు.

పాత బటన్ ఫోను తీసెయ్యలేదు. గేట్‌వేకి ఫోను పిన్ను కూడా ఉంది, దానికి తగిలించాను. గేట్‌వేకి కరెంటు పోతే లోపలి రిలే ఆ ఫోనుని నేరుగా లైనుకి కలిపేస్తుంది. నా రాస్ప్‌బెర్రీ పై, నా సెట్టింగులు అన్నీ చచ్చిపోయినా హాల్లో ఒక ఫోను బతికి ఉంటుంది.

ఏప్రిల్ 26

తమ్ముడు డాలస్ నుంచి ఇంటి ఎక్స్ఛేంజిలోకి కలిసేలా రౌటర్లో దారి తెరవమన్నాడు. తెరవలేదు. ఇంటర్నెట్ ఫోన్లు వాడే 5060 పోర్టు బయటికి కనపడితే చాలు, గంటల్లోనే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డులు ప్రయత్నించే యంత్రాలు వచ్చి పడతాయి. లోపలికొస్తే మన లైను మీద విదేశాలకి కాల్స్ చేస్తాయి, బిల్లు మనకి. వాడు మామూలుగానే ఇంటి నంబరుకి చేస్తాడు. ఐఎస్‌డీ కాల్స్ కూడా రాస్ప్‌బెర్రీ పై నుంచి వెళ్లకుండా ఆపేశాను.

మొత్తం ఖర్చు 38 వేలు. ఎక్కువే. మళ్లీ చెప్తున్నాను, చిన్న ఫ్లాటైతే మూడు నాలుగు వేల కార్డ్‌లెస్ జత కొనుక్కోండి.

మే 4, ఆదివారం

మధ్యాహ్నం ఈదురుగాలి, ఉరుములు, వెంటనే వాన. కరెంటు పోయింది. నేను మేడ మీద కిటికీలు వేస్తుంటే 14 మోగింది. అమ్మ, కింద నుంచి.

"అమ్మాయ్, అప్పడాలు తీశాను, తడవలేదు. నువ్వు దిగి రాకు, మెట్లు జారతాయి."

వారం రోజుల నుంచి హ్యాండ్‌సెట్‌ని బొడ్లో దోపుకుని తిరుగుతోంది. జారిపడుతుందని పాత చీర అంచుతో ఒక చిన్న సంచీ కుట్టాను, మెడలో వేసుకునేలా. బటన్ల మీద నెయిల్ పాలిష్‌తో ఆకుపచ్చ చుక్క ఒకటి, ఎర్ర చుక్క ఒకటి పెట్టాను. 2 నొక్కిపడితే పిన్నికి వెళ్తుంది. బ్యాటరీలు ఛార్జింగువే వెయ్యాలని, మామూలు పెన్సిల్ సెల్లులు వేస్తే గూట్లో కారతాయని బాబుకి చెప్పి ఉంచాను. మార్చే పని వాడిది.

రెండున్నరకి పిన్ని మోత వినిపించింది. కరెంటు ఇంకా రాలేదు. నేను మెట్ల మలుపులో బేస్ మీద వెలుగుతున్న దీపం చూస్తూ నిలబడ్డాను. కింద వెనక వసారాలో అమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. సంచీలోంచి ఫోను తీసి ఆకుపచ్చ చుక్క నొక్కింది.

"ఆ, చెప్పవే. ఇక్కడ కుండపోత. మీకూ పడుతోందా?"